తట్టని గరాటు

"అలా కాదే మనవరాలా, నా కోడలి కత గరాటు కాడినుంచి రాయి."

పైడమ్మ గరాటు నిండా వెలుగుపిండి పోసి అడుగు మూత లాగింది. పిండి జారి గాజుపలక మీద పడాలి. కుప్ప వెడల్పుగా పరుచుకుంటే దాన్ని కొలిచే కుప్పకన్ను పచ్చగా వెలుగుతుంది. సరుకు తాడుబండి ఎక్కి మబ్బుల్లోని పైఊరికి పోతుంది, అక్కడి దీపాలు దానితోనే వెలుగుతాయి. నిటారుగా పేరుకున్నా, అసలు జారకున్నా ఎర్రదీపం. జారని పిండి పైఊరి గొట్టంలో గూడు కట్టి, చిన్న ఒరిపిడికే అంటుకుంటుంది.

వానాకాలం. పిండి గరాటులోనే ముద్దకట్టి వేలాడింది. ఇలాంటప్పుడు జల్లెడ తట్టినట్టు వేలి కణుపుతో ఒక తట్టు తట్టడం ఆ షెడ్డులో అందరికీ అలవాటు. ఆ తట్టుకి ముద్దపిండి కూడా పరుచుకుని పచ్చదీపం వెలుగుతుంది; కుప్పకన్ను కుప్పనే చూస్తుంది, వేలిని చూడదు.

పోయిన వానల్లో పైఊరి గుమ్మంలో గొట్టం అంటుకుని, ఆమె భర్త ఎర్రన్న నడిపే తాడుబండి అతనితో సహా కాలిపోయింది. ఇంటికి అతని అన్నం గిన్నె మూత ఒక్కటే వచ్చింది. ఆ పిండిని జార్చిన వేలు ఎవరిదో తెలియదు. తనదే కావచ్చు.

మరిది దేముడు కిటికీలోంచి తొంగిచూశాడు. ఇప్పుడు అన్న స్థానంలో బండి నడిపేది అతనే.

"ఏటొదినా, పిండికి జోల పాడతన్నావేటి? బేగి లేపి పంపు!" అని నవ్వుతూ బండి వైపు వెళ్ళిపోయాడు.

మేస్త్రీ వచ్చాడు. "ఒక్క తట్టు తట్టమ్మా. పైన దీపాలు ఆరిపోతన్నాయి."

"పైన గొట్టాన్ని తట్టేదెవురు బాబూ? అది తట్టబోయే కదా మా ఇంటాయన పోనాడు!"

పైడమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. పక్క బల్ల దగ్గర సూరీడమ్మ ఎత్తిన వేలు అలాగే ఆగి, మెల్లగా దిగింది. ఆ తర్వాతి బల్ల. ఆ పైది. షెడ్డంతా ఎర్రదీపాలు. చీకటి పడేసరికి మబ్బుల్లో పైఊరు కనిపించలేదు.

పైడమ్మ పని ఆ సాయంత్రమే పోయింది. తాడుబండి ఆగి దేముడి కూలీ కూడా పోయింది. "అన్న పని నాకు దక్కడం నీ కళ్ళు సూడనేకపోనాయి గదా!" అని వీధిలో నిలబడి అరిచాడు. ఆనాటి నుంచి వదిన గడప తొక్కలేదు. ఆమె ఎందుకు తట్టలేదో చెప్పాలంటే, అంతకుముందు ఎన్నిసార్లు తట్టిందో కూడా చెప్పాలి. ఆమె అతని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

"రాసినావా? నా సిన్నకొడుకు దేముడికి సదివి ఇనిపించే, అమ్మా. ఆ పిల్ల సెప్పుకోనేదు."