ఆల్ఫ్రెడోకి తాలింపు

"ఆల్ఫ్రెడో పాస్తాకి తాలింపు పెట్టిందెవరండీ?"

కెనడాలోని హాలిఫాక్స్‌లో, తెలుగువాళ్లు ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో గరిటె పైకెత్తి మరీ అడిగింది సుధామయి. పాస్తా మీద ఆవాలు, కరివేపాకు నిగనిగలాడుతున్నాయి.

ఇంకెవరు, నేనే. తారక్‌ని. క్రీమ్ పోశాక చప్పగా అనిపించింది. చెయ్యి ఊరుకుంటుందా? ఒప్పుకుంటూ అదే చెయ్యి ఎత్తాను.

సుధామయి ఇక్కడి యూనివర్సిటీలో వంటల చరిత్ర మీద రీసెర్చ్ చేస్తోంది. ఏడాదిగా ఇద్దరం ఒకే ఫెర్రీ పడవలో వెళ్తున్నాం. వాతావరణం గురించి తప్ప నేను నోరు విప్పింది లేదు. సోమవారం నుంచి నా ఉద్యోగం విమానమెక్కి వెళ్లాల్సినంత దూరంలో, మిస్సిసాగాలో. ఇవాళ మనసులో మాట చెప్పకపోతే ఇక చెప్పనట్టే.

"తాలింపు సరే, క్రీమ్ ఎందుకు పోశారు? అసలు దాంట్లో క్రీమే ఉండదు."

"మరి?"

"రోమ్‌లో ఆల్ఫ్రెడో అని ఒకాయన హోటల్ నడిపేవాడట. కాన్పయ్యాక వాళ్లావిడకి తిండి సయించలేదు. వేడి పాస్తాలో వెన్న, చీజ్ కలిపి పెట్టాడు. అంతే, తినేసింది! అదే మెనూలోకెక్కిందని చెప్తారు."

అది చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి! నూరేళ్ల కిందటి బాలింత ఇప్పుడే కోలుకున్నంత సంబరం. ఎంత ముచ్చటేసిందో నాకు.

"అంటే బాలింత పథ్యమా! మనవాళ్లు పెట్టే నెయ్యన్నం లాంటిది."

సుధామయి గరిటె దించేసింది. "ఇన్నాళ్లు చదివాను, నాకిది తట్టనే లేదు. భలేవారే మీరు!"

"ఆయనే నయం. వండి పెట్టి ప్రేమ చెప్పేశాడు. నేను తాలింపు పెట్టి కూడా చెప్పలేకపోతున్నా."

"ఏమని?"

"మీరంటే చాలా ఇష్టమని. సోమవారం నుంచి మిస్సిసాగాలో జాబ్ అని."

ఆమె నవ్వు ఆగిపోయింది. వెనక నుంచి చాముండేశ్వరి ఆంటీ, "ఏమ్మా, లైన్ కదలదా?" అన్నారు. ఇద్దరం పక్కకి జరిగాం.

"నా రీసెర్చ్ ఇంకా రెండేళ్లుంది," అంది మెల్లగా.

"తెలుసు. మానేయమని అడగను."

"అడిగితే కోపమొచ్చేది." ఫోన్ తీసి ఏదో వెతకసాగింది.

"వచ్చే నెల పన్నెండున మిస్సిసాగాకి ఫ్లైట్ ఉంది. బుక్ చేసేస్తున్నా," అంది తలెత్తకుండానే. "ఆ పై నెల మీరు ఇక్కడికి రావాలి."