సీసాడు సముద్రం

కందెలారియా పండుగ పొద్దున తోమాసా వంటింట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని, మొక్కజొన్న పిండిలో పంది కొవ్వు వేసి చేత్తో గిలక్కొడుతూ కూర్చుంది. పక్కన గ్లాసుడు నీళ్లున్నాయి. పిండిలోంచి చిన్న ఉండ తీసి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే పిండి ఇంకా కాలేదన్నమాట. అప్పటికే రెండు ఉండలు అడుగున పడి ఉన్నాయి. గుండె బలహీనంగా ఉందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు, మోకాళ్లు అంతకన్నా ముందే చేతులెత్తేశాయి. ఆవిడ చేతులు మాత్రం ఎవరి మాటా వినేవి కావు.

"అమ్మా, ఇలా ఇవ్వు. మిక్సీలో వేసేస్తాను" అంది కూతురు ఎల్విరా, తమాలెల పిండి పొట్లం కట్టి ఆవిరికి పెట్టే అరటాకులు పొయ్యి మీద కాస్త వాడ్చి మడుస్తూ.

"మిక్సీ తమాలెలు నీ చుట్టాలకు పెట్టుకో. బొమ్మ వచ్చింది నాకు. పెట్టాల్సింది నేను."

ఆ బొమ్మ గొడవే నెల రోజులుగా ఇంట్లో నలుగుతోంది. జనవరిలో ముగ్గురు రాజుల పండుగకు మా కొండల ఊరు హలాపాలో అందరూ రోస్కా కోస్తారు. చక్రంలా ఉండే ఆ తీపి రొట్టె లోపల బుల్లి బాలయేసు బొమ్మ దాగి ఉంటుంది. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఆ ఇంట్లో ఉండే బాలయేసు విగ్రహానికి జ్ఞానతల్లో జ్ఞానతండ్రో అవుతారు. అంటే ఆ ఇంటికి చుట్టమైపోయినట్టే. ఫిబ్రవరిలో కందెలారియా నాడు రోస్కా కోసిన ఆ జనానికంతటికీ తమాలెలు చేసి పెట్టాల్సిందీ వాళ్లే. చుట్టరికం అందరికీ ఇష్టమే కానీ చాకిరీ ఎవరికిష్టం? బొమ్మ పంటి కింద తగలగానే బుగ్గన దాచేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగే ఘనులు మా ఊళ్లో ఇంటికొకరుంటారు. ఈసారి అలా ఎవరూ దాచలేదు. తోమాసాయే బొమ్మను పైకెత్తి, "నాకే వచ్చిందోయ్!" అని అందరికీ చూపించింది. ఈ వయసులో ఇంతమందికి వండుతానంటుందేమిటని ఎల్విరాకు ఒళ్లు మండిపోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భుజాన సంచీ, మెడలో తువ్వాలుతో మారెన్ దిగింది. మిన్నెసోటా నుంచి వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ, ఆగస్టు నుంచి వీళ్లింట్లోనే ఉంటోంది. చదువు మాటెలా ఉన్నా, తిరుగుడుకు మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. శనివారం వస్తే చాలు, స్నేహితుల గుంపుతో ఒకసారి జలపాతం, ఒకసారి కాఫీతోటలు, ఇంకోసారి ఏదో ఊళ్లో నాట్యాలు. ఎల్విరా మూతపెట్టి ఉంచిన పళ్లెం మూతపెట్టినట్టే ఉండేది.

"ఇవాళ కూడానా?" అంది ఎల్విరా. "పండుగ పూట ఇంటినిండా జనం వస్తుంటే? ఇది ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా?"

"సెలవులు కలిసొచ్చాయి పిన్నీ. అందరం సముద్రానికి వెళ్తున్నాం. సోమవారం వచ్చేస్తాను" అంటూ మారెన్ తోమాసా వంక బితుకుబితుకుమంటూ చూసింది.

"పోనీవే దాన్ని" అంది తోమాసా. "చిన్నపిల్ల. నీలాగా ఈ ఇంటి గుమ్మానికి తాళంకప్పలా వేలాడమంటావా?"

ఎల్విరాకు ఆ మాట చురుక్కుమని తగిలింది. మొగుడు వదిలేసి వెళ్లినప్పటి నుంచీ తను ఈ గుమ్మం దాటి ఎక్కడికెళ్లిందని? ఎవరి కోసం వెళ్లలేదని? మళ్లీ ఆకులు మడవడంలో పడింది.

"ఇలా రావే పిల్లా" అని తోమాసా మారెన్‌ను దగ్గరకు వంచుకుని చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు. పిండి చేత్తోనే ఆ పిల్ల బుగ్గ నిమిరి, "ఇంక ఫో, బస్సు పోతుంది" అంది. మారెన్ వెళ్లిపోయింది. మూడో ఉండ గ్లాసులో తేలింది. తోమాసా చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. కొత్త గౌను తొడిగిన బాలయేసు విగ్రహాన్ని తోమాసా తరఫున పక్కింటి రొసాల్బా చర్చికి తీసుకెళ్లి దీవెన ఇప్పించుకొచ్చింది. అందరూ తమాలెలు తిన్నారు. ఇంత మెత్తగా ఎప్పుడూ కుదరలేదన్నారు. సాయంత్రం అందరూ వెళ్లాక తోమాసా వాకిట్లో తన కుర్చీలో కూర్చుని, తన వంతు తమాలె ఆకు విప్పుకుంది. ఎల్విరా కాఫీ పట్టుకుని వచ్చేసరికి ఆవిడ తల పక్కకు వాలి ఉంది. తమాలె మీద ఇంకా ఆవిరి లేస్తోంది.

మర్నాడే మట్టి చేశారు. మాలో అంతే, ఎక్కువసేపు ఉంచరు. మారెన్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. ఇసుకదిబ్బల అవతల సిగ్నలుండదని ఎవరో చెప్పారు. అది విని ఎల్విరా ఫోన్‌ను మంచం మీదకు విసిరికొట్టింది.

సోమవారం సాయంత్రం మారెన్ వీధి మలుపు తిరిగింది. ఎండకు ముక్కు ఎర్రబడి తోలు ఊడుతోంది. చేతిలో సీసా ఉంది. తలుపుకు కట్టిన నల్ల రిబ్బను చూసి, పండుగ అలంకరణ ఇంకా తియ్యలేదేమో అనుకుంది పిచ్చిపిల్ల. తలుపు తోసుకుంటూనే, "అమ్మమ్మా! తెచ్చేశాను!" అని కేక పెట్టింది.

లోపల జపమాల చెబుతున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా తలలు తిప్పారు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. బల్ల మీద తెల్లపూల మధ్య తోమాసా ఫోటో, దాని ముందు కొవ్వొత్తి. మారెన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ప్రార్థన పూర్తయి అందరూ వెళ్లేదాకా ఆ పిల్ల లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

వంటింట్లో ఎల్విరా కప్పులు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"చెప్పులు బయట దులుపుకో. ఇల్లంతా ఇసుక చేస్తున్నావు."

"పిన్నీ..."

"పిన్ని ఏమిటి పిన్ని? ఎవరికి పిన్ని? మూడు రోజులుగా ఎక్కడున్నావే? పోయిన రోజు పొద్దున్న మా అమ్మ నీ బుగ్గే నిమిరింది. నా ముఖం వంకైనా చూసిందా? శనివారం మోసుకుపోతుంటే నువ్వేం చేస్తున్నావు? ఈత కొడుతున్నావా? ఆడుతున్నావా?"

"నాకు తెలీదు పిన్నీ. ఒట్టు, నాకు తెలీదు."

"నీకేం తెలుసు గనక! వండి పెడితే తినడానికి ఉండవు, పలకరిద్దామంటే దొరకవు. తిరగడం, నవ్వడం, ఫోటోలు దిగడం. ఇప్పుడు చావింట్లోకి సీసా పట్టుకుని ఊగుతూ వచ్చావు!"

ఎల్విరా తడిచేత్తోనే ఆ సీసా లాక్కుంది. మూత తిప్పి పారేసి, తొట్టిలోకి గుమ్మరించేసింది.

"వద్దు పిన్నీ! వద్దు!"

సీసా గుడగుడమంటూ ఖాళీ అయింది. సారా వాసన రాలేదు. చేపల వాసన, నాచు వాసన వచ్చాయి.

"అది సముద్రం పిన్నీ" అంది మారెన్. "అమ్మమ్మ తెమ్మంది. ఆ పొద్దున్న చెవిలో అదే చెప్పింది. 'నేనెలాగూ దాని దగ్గరకు పోలేను, దాన్నే ఒక సీసాడు నా దగ్గరకు తీసుకురా. కాళ్లు ముంచుకుంటాను' అంది."

ఎల్విరా ఖాళీ సీసాను తొట్టి గట్టు మీద పెట్టింది.

"బొమ్మ అమ్మమ్మకు రాలేదు. నాకొచ్చింది" అంది మారెన్. అక్కడే నేల మీద కూలబడి మాట్లాడుతోంది. "బొమ్మ వచ్చినవాళ్లు కందెలారియా నాడు అందరికీ వండాలని ముందే తెలుసు. సముద్రానికి వెళ్లాలని అప్పటికే అనుకున్నాం. పోవడానికుండదని బొమ్మను బుగ్గన దాచేశాను. అమ్మమ్మ నా పక్కనే ఉందిగా, బల్ల కింద చెయ్యి చాపి 'ఉమ్మెయ్' అంది. తర్వాత నా చెవిలో, 'పండుగ నేను చూసుకుంటా, సముద్రం నువ్వు చూసిరా' అంది."

"అంటే..." అంది ఎల్విరా. "నీ చాకిరీ నెత్తినేసుకుని చచ్చిపోయిందన్నమాట మా అమ్మ."

మారెన్ ఏడుస్తూనే తలూపింది.

"రేపు వేరే ఇల్లు చూసుకో. నా కళ్లముందు ఉండకు."

మారెన్ లేచింది. మెట్ల దగ్గర ఆగింది. "ప్రతి ఆదివారం నువ్వు చర్చికెళ్లాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పించుకునేది పిన్నీ. ఎక్కడ దిగారు, ఏం తిన్నారు, ఎవరు ఎవరితో ఆడారు అని. నీళ్ల దగ్గరకు వెళ్తే మాత్రం మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. 'నీళ్లు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా' అని. నువ్వు వింటే బాధపడతావని, నీకు చెప్పొద్దంది."

పైన గది తలుపు మూసుకుంది. ఎల్విరా తొట్టి ముందు ఒంటరిగా మిగిలింది. తొట్టి అడుగున కాస్త ఇసుక, చుట్టూ తడి. ఎందుకో ఆ తడి వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

నేను బాధపడతానని చెప్పొద్దందా? ఎందుకు బాధపడతాను? ఆ జవాబు ఆవిడకు వెతుక్కోకుండానే దొరికింది. తోమాసా పుట్టింది సముద్రం ఒడ్డునే. పెళ్లయి ఈ కొండల్లోకి, ఈ ముసురులోకి వచ్చింది. "సముద్రం చూసి ఎన్నాళ్లైందే ఎల్విరా" అని ఎన్నిసార్లు అడిగింది! వానలు వెలిశాక అంది ఎల్విరా. నీ మోకాళ్లు తగ్గాక అంది. వచ్చే ఏడు చూద్దాం అంది. పొద్దున బస్సెక్కితే రెండో కాఫీ వేళకు ఒడ్డున ఉండొచ్చు, అంత దగ్గర. అమ్మ కోసం గడప దాటలేదని అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్లూ. అమ్మను గడప దాటించాలని మాత్రం తోచలేదు. చివరికి ఎవరో పరాయిపిల్ల ఆదివారం ఆదివారం తెచ్చే కబుర్లతో ఆవిడ కాలక్షేపం చేసింది. ఆ పిల్ల సీసాలో పట్టి తెచ్చిన సముద్రాన్ని కూడా తన చేతులే పారబోశాయి. ఎల్విరా తొట్టి అంచు పట్టుకుని, అమ్మ పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.

తెల్లారి మారెన్ పెట్టె దించుకుంటూ వచ్చింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. ఎల్విరా పొయ్యి దగ్గరే ఉంది.

"ఎక్కడికి?"

"నువ్వే అన్నావు కదా పిన్నీ, వేరే ఇల్లు..."

"అన్నాను. కోపంలో వెయ్యి అంటాను, అన్నీ పట్టుకుంటావా?" ఎల్విరా జేబులోంచి తీసి ఆ పిల్ల అరచేతిలో ఏదో పెట్టింది. బొటనవేలంత కూడా లేని తెల్లటి బాలయేసు బొమ్మ. "అమ్మ ఏప్రన్ జేబులో ఉంది. నీదేగా, నీ దగ్గరే ఉంచుకో. అది వచ్చినవాళ్లు ఈ ఇంటికి ఏమవుతారో తెలుసా నీకు?"

మారెన్ తలూపింది.

"మరి తెలిస్తే పెట్టె పైన పెట్టి రా. అమ్మ పోయిన తొమ్మిదోనాటి జపానికి జనం వస్తారు. వాళ్లకు తమాలెలు ఎవరు చేస్తారనుకున్నావు?"

తొమ్మిదో రోజు పొద్దున మారెన్ ఒళ్లో గిన్నె పెట్టుకుని కూర్చుంది. అలవాటు లేని చేతులు, కొట్టిన కాసేపటికే భుజాలు లాగేస్తున్నాయి. మొదటి ఉండ మునిగింది. రెండోదీ మునిగింది.

"ఆపకు" అంది ఎల్విరా. "మా అమ్మకూ మునిగాయి."

బయట ముసురు పడుతోంది. ఎల్విరా చేతిలో ఆకులు పక్కన పెట్టి, కాసేపు అటూ ఇటూ చూసి, అమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని అందులో కూర్చుంది. అమ్మ పోయాక ఎవరూ అందులో కూర్చోలేదు. కొంగులా వేసుకున్న శాలువాతో కళ్లు తుడుచుకుంది.

"ఆ ఆదివారం కబుర్లు బాకీ ఉన్నావు నువ్వు" అంది. "చెప్పు. నీళ్లు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా?"

మారెన్ చెయ్యి పిండిలో ఆగిపోయింది. కన్నీళ్లు గిన్నెలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

"కాలు పెట్టగానే చల్లగా ఉన్నాయి పిన్నీ" అంది. "కాసేపు నిలబడితే వెచ్చబడ్డాయి."