ఈశ్వరి కోసిచ్చిన పోగు

"ఓ హలో! ఇది బంతి కోసం అల్లావా, వంజరం చేప కోసం అల్లావా?"

ఈశ్వరి నాతో అన్న మొట్టమొదటి మాట ఇదే. తలెత్తి చూస్తే నిజమే, బంతి వలలో ఇరుక్కుని కూర్చుంది. రింగులోకి దూరింది గానీ కిందికి దిగలేదు. పన్నెండు మంది అమ్మాయిలు నడుం మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. పక్కనే నేను, చేతిలో వల అల్లే సూదితో, దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను.

ఆ ఏడాది అమ్మాయిల జాతీయ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు మా విశాఖపట్నంలో, మా కాలేజీ గ్రౌండులోనే. సముద్రపు గాలికి పాత వలలు పీలికలైపోయాయి. కొత్తవి తెప్పించడం మా పీడీ కృష్ణంరాజు గారు మరిచిపోయారు. రెండు రోజుల ముందు గుర్తొచ్చి నన్ను పట్టుకున్నారు.

"ఒరే అర్జునరావ్, జాలరిపేటోడివి, ఆమాత్రం వల అల్లలేవేటి?"

బీకాం ఫైనలియర్, అటెండెన్స్ అంతంతమాత్రం. కాదనే దమ్ము నాకెక్కడిది? మా అయ్య నేర్పిన ముడులతోనే అల్లేశాను. మా వల పట్టుకోవడానికే పుట్టింది. వదిలిపెట్టే వల ఎలా ఉంటుందో నాకెవరు చెప్పారు?

"వలన్నాక పట్టుకోవాల కదండీ," అన్నాను.

"మాది వదిలెయ్యాల. ఇటు రావాల, అటు జారిపోవాల. మల్లీ అల్లు."

"మల్లీనా? రెండు పూటలు పట్టిందండీ!"

"ఇక్కడిదాకా రాడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది. అల్లవయ్యా బాబూ!"

ఆమె మా కాలేజీ టీమ్ కెప్టెన్. ఊరు తగరపువలస. వాళ్ళమ్మ అక్కడ హైవే పక్కన టిఫిన్ బండి నడుపుతుంది. ఇవన్నీ నేను అడక్కుండానే చెప్పింది. నేను రెండోసారి అల్లుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, వల కన్ను కన్నుకీ చెయ్యి దూర్చి కొలుస్తూ, "ఇంకాస్త వదులు, ఇంకాస్త," అని నా ప్రాణం తీసింది. నాకేమో ఆ వల ఎప్పటికీ పూర్తికాకపోతే బాగుండుననిపించింది.

పోటీలు మొదలయ్యాక వలలకి కాపలా ఉద్యోగం నాదే. ముడి వదులైతే నిచ్చెనెక్కి బిగించాలి. మా అమ్మ గురువమ్మ వేయించి ఇచ్చిన చేప ముక్కలు డబ్బాలో తెచ్చేవాణ్ణి. సగం ఈశ్వరే తినేసేది. మూడో రోజు వాన. ఆట ఆపేశారు. ఇద్దరం స్కోర్‌బోర్డు కింద ఇరుక్కుని నిలబడ్డాం.

"వలబ్బాయ్, నిజం సెప్పు. నువ్వు మ్యాచ్ సూత్తన్నావా, వల సూత్తన్నావా?"

"వలే."

"అబద్ధం. బంతి అటేపున్నా నావేపే సూత్తన్నావ్."

"కెప్టెన్ కదా అని..."

"అబ్బో!" అని నవ్వింది. జడ పిండుకుంటూ, నావైపు చూడకుండా, "ఫైనల్ గెలిస్తే నీకొకటిస్తాను," అంది.

"ఏటది?"

"గెలిచాక సూద్దువు గానీ."

నాకు ఈశ్వరంటే ఇష్టం. అప్పటికే పీకల్దాకా మునిగిపోయాను. ఫైనల్ అయ్యాక చెప్పేద్దామని అద్దం ముందు నాలుగుసార్లు ప్రాక్టీసు కూడా చేశాను.

ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆఖరి బంతి ఈశ్వరిదే. నేను గంతులేస్తుంటే పీడీ గారు నిచ్చెన తెమ్మన్నారు. తీరా తెచ్చాక చూస్తే, ఒక అమ్మాయి కత్తెర పట్టుకుని పైకెక్కుతోంది!

"సార్! వల కోసేత్తన్నారు సార్!"

"ఆచారం రా. గెలిచినోళ్ళు తలో పోగూ కోసుకుంటారు. ఏళ్ళబట్టీ ఉన్నదే," అన్నారాయన.

వాళ్ళకి ఆచారం. మాకు వల కొయ్యడమంటే వేరు. రాళ్ళకి చిక్కి, పడవే మునిగిపోయేలా ఉంటే తప్ప మా అయ్య వలకి కత్తి పెట్టడు. అలా కోసిన రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఒక్కొక్కరూ ఎక్కి కోస్తుంటే చూడలేక పక్కకి పోయాను. అందరికన్నా ఆఖర్న ఈశ్వరి ఎక్కి తన పోగు కోసుకుంది. జనాన్ని తోసుకుంటూ నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా చెమట, కళ్ళ నిండా నీళ్ళు.

"ఇదిగో. ఇది నీకే," అని నా చేతిలో పెట్టింది. బెత్తెడు ముక్క.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. వాన రోజు ఇస్తానన్నది ఇదేనని తట్టలేదు. నా కష్టం కోసేసినందుకు పాపం బాధపడి తిరిగిచ్చేస్తోందనుకున్నాను!

"అయ్యో, పర్లేదండీ. ఒక్క నిమిషం," అని జేబులోంచి సూది తీశాను. నిచ్చెనెక్కాను. ఆ పోగుని ఎక్కడిదక్కడ ముడేసి, లాగి చూసి, హుషారుగా దిగాను.

"సూడండి. కోసినట్టే తెలీదు!"

ఆమె పైకి చూసింది. తరవాత నన్ను చూసింది.

"కట్టేసావా?"

"ఆఁ!"

"సరే అర్జునా," అంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నాకు సంతోషం వేసింది కూడా, చూశారా!

మర్నాటి నుంచీ ఫోన్ ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. తరవాత పౌరుషం వచ్చింది. నేషనల్ చాంపియన్ అయిపోయింది కదా, ఇక జాలరోడితో పనేముంటుందిలే అనుకున్నాను. పరీక్షలు అయిపోయాయి. హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. ఏడాది గడిచిపోయింది. విజయనగరం వెళ్తూ తగరపువలస మీదుగా నాలుగుసార్లు బస్సులో పోయాను. నాలుగుసార్లూ కిటికీలోంచి చూశాను. ఒక్కసారీ దిగలేదు.

మొన్న ఆదివారం జాలరిపేటలో మా అమ్మ దగ్గర చేపలు కొనడానికి ఒకమ్మాయి వచ్చింది. రాధ, ఆ టీమ్‌లో ఆడిన పిల్లే.

"నువ్వు ఆ వలబ్బాయివి కదూ? అంత పొగరేంటి నీకు?"

"నాకా! పొగరు మీ కెప్టెన్‌కి. ఫోనే ఎత్తలేదు."

"ఎందుకెత్తుతుంది? కోసిన పోగు ఎవరికిస్తామో తెలుసా? నువ్వు లేకపోతే నేను లేను అనుకునే మనిషికి. నేను మా నాన్నకిచ్చాను. అందరూ ఇంట్లోవాళ్ళకే ఇచ్చారు. ఈశ్వరి వాళ్ళమ్మ కూడా ఆ రోజు అక్కడే ఉంది. అమ్మని దాటుకుని నీ దగ్గరికొచ్చింది. నువ్వేమో అందరూ చూస్తుండగా నిచ్చెనెక్కి దాన్ని మళ్ళీ కట్టేశావు!"

మా అమ్మ చేప కోస్తున్నదల్లా కత్తిపీట మీద చెయ్యాపేసింది.

"ఓరి నా కొడకా! ఆడపిల్ల అంత ఇదిగా సేతిలో పెడితే, ఎక్కి కట్టేసినావా!"

చొక్కా అయినా మార్చుకోకుండా బస్సెక్కాను. తగరపువలసలో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరిందని రాధే చెప్పింది. సెలవు రోజైనా గ్రౌండులో పిల్లల చేత ఆడిస్తోంది. నన్ను చూసి విజిల్ నోట్లోంచి తీసింది.

"ఏటిలా వచ్చావ్?"

"నాకు తెలీదు ఈశ్వరీ. ఒట్టు. ఆ ఆచారం ఎవరూ సెప్పలేదు."

"తెలీదని నాకు తెలుసు."

"తెలుసా!"

"ఆ రోజు తెలీదు. వారం పోయాక, కోపం తగ్గాక తెలిసింది. తెగిన ముక్క సేతికిస్తే వలబ్బాయి కట్టక ఏటి సేత్తాడు? తల్చుకుని నవ్వుకున్నాను కూడా."

"మరి ఫోన్ సెయ్యలేదేం?"

"ఒక్కసారి మనసిచ్చి అందరిముందూ తిరిగి తీసుకున్నదాన్ని. రెండోసారి కూడా నానే రావాలా? నువ్వొస్తావని సూసాను. ఏటైంది ఈశ్వరీ అని వచ్చి ఒక్క మాట అడిగితే సాలు కదా."

"నాకు నువ్వంటే ఇష్టం," అన్నాను. ఏడాది కిందట అద్దం ముందు ఎంతో బాగా వచ్చిన మాట, ఈసారి ముక్కలుముక్కలుగా వచ్చింది. "అప్పుడూ ఇష్టమే. ఇప్పుడూ ఇష్టమే."

ఆమె బంతిని చేతుల్లో తిప్పింది.

"నాకూ ఉండేది అర్జునా. శానా నాళ్ళు ఉండేది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఇప్పుడు వెతుక్కుంటే దొరకట్లేదు. నీకు అబద్ధం సెప్పలేను."

పిల్లలు "మేడమ్, మేడమ్" అని అరిచారు. ఆమె రెండడుగులు వేసి ఆగింది. "మా అమ్మ బండి ఇప్పుడు ఈ గేటు పక్కనే. తిని ఎల్లు. ఖాళీ కడుపుతో పోకు."

నేనెవరో చెప్పకుండా ఇడ్లీ అడిగాను. ఆవిడ ప్లేటు అందిస్తూ నా ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నువ్వు ఆ వల కట్టిన బాబువి కదూ?"

తలూపాను. ఆవిడ నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. చట్నీ వేసింది.

"ఆ రోజు మా పాప నన్ను దాటుకుని నీకాడికొచ్చినాది. నాకు కోపం రానేదు బాబూ. ఇంటికొచ్చి పిల్లనడుగుతావని ఆ ఏసంగి సెలవులంతా సూసినాను. అడిగితే ఊఁ అనేద్దామనే అనుకున్నాను."

ఆవిడ ఇంకో ప్లేటు తుడుచుకుంటోంది. నేను నిలబడి, ఏడుస్తూ, ఆ ఇడ్లీ అంతా తిన్నాను.