పింగాణీ పలకలో తెరిచిన తలుపు

మామూలు వెలుతురులో చూస్తే అది ఎగుడుదిగుడుగా ఉన్న తెల్లటి పింగాణీ పలక, అంతే. వెనక దీపం పెడితేనే బొమ్మ కనిపిస్తుంది. పలచగా చెక్కిన చోట వెలుగు, మందంగా వదిలిన చోట నీడ.

ఆ పనిలో అక్కది అందెవేసిన చెయ్యి. లోకంలో ఆమెకున్నది చెల్లెలొక్కతే. జ్వరంతో మంచం పట్టిన ఆ పిల్ల "నా బొమ్మ చెయ్యవా?" అని గారాలు పోతే కాదనలేకపోయింది.

కార్ఖానాలో మేస్త్రి చూసి మొహం చిట్లించాడు. "బతికున్న మనిషి వెనకాల తెరిచిన తలుపు చెక్కకమ్మాయ్. మన పనిలో ఎవరూ చెక్కరు. గోడ చాలు."

ఆమె నవ్వేసింది. ఆ తలుపులోంచి వెన్నెల జారినట్టు వెలుగు రాకపోతే బొమ్మకి అందమేముంది?

బట్టీలో కాలిన పలకను ఇంటికి తెచ్చి, సాయంత్రం మంచం పక్కన పెట్టి, వెనక దీపం వెలిగించింది. బొమ్మలో చెల్లి ముఖం పాలమీగడలా మెరిసింది.

"అబ్బో, నా ముక్కు ఇంత బాగుంటుందా?"

"సంబరం చాల్లే, ముందు మందు మింగు."

"సరే గానీ... ఆ గుమ్మంలో ఎవరక్కా?"

గుమ్మంలో సన్నటి నీడ. అక్క చెక్కలేదు. కాలిన పలకలో కొత్త నీడ పుట్టదు.

దీపం ఆర్పి మళ్ళీ వెలిగించింది. నీడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. బొమ్మలోని చెల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"చల్లగా ఉందే..." మంచం మీద చెల్లి భుజం తడుముకుంది.

మందమైతే చీకటి... చీకటైతే దారి ఉండదు... అక్క గబగబా తడిమట్టి తెచ్చి పలక వెనక, తలుపున్న చోట మెత్తింది. గుమ్మం నల్లబడింది. మూసుకుపోయింది.

హమ్మయ్య...

"తలుపెందుకు వేశావక్కా?" చెల్లి గుసగుసలాడింది. "ఆ నీడ వెళ్ళిపోతానన్నది కదా. ఇప్పుడెటు పోతుంది?"

అక్క గోళ్ళతో మట్టి గీకేసింది. తలుపు తెరుచుకుంది. నీడ లేదు.

బొమ్మలో చెల్లి కూడా లేదు.

మంచం మీద చెల్లి లేచి కూర్చుంది. నుదురు ముట్టుకుంటే మంచు. ఎంత పిలిచినా పలకలేదు. వెలుగు పడనట్టుంది, చెల్లి దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

అరచేతిలోంచి వెలుగు, పింగాణీలోంచి వచ్చినట్టే, ఇవతలికొచ్చింది. లోపల ఎముకల నీడ లేదు. సగం చెక్కిన ముఖం ఒకటి... ముక్కు, పెదవులు... అచ్చం అక్కవే.

కంటి దగ్గర గీత ఇంకా కదులుతోంది.