పెట్టె మోసే మనిషి

స్వర్ణలత పోయి ఏడాదైంది. ఆ సాయంత్రం పుంగనూరులో మా ఇంట్లోనే ఆమెకు పెట్టుకున్నాం. ఇస్తరాకులో ఓళిగలు, పులగం, పక్కన కొత్త చీర. ఇవి అందరూ పెట్టేవే. నేను ఒక సినిమా కూడా పెట్టాను.

నవ్వకండి. నా భార్యకు పుట్టుచెవుడు, మాట రాదు. పెళ్ళైన కొత్తలో మదనపల్లెలో ఒక కాలేజీలో పాత మూకీ సినిమా వేస్తే ఇద్దరం చూశాం. రైల్వే కూలీ కథ. ట్రంకుపెట్టె మోయలేక ఈడుస్తూ, పడుతూ లేస్తూ కడుపుబ్బ నవ్విస్తాడు. చివర్లో అతను మనసుపడ్డ పిల్ల రైలెక్కి, కిటికీలోంచి అతని చెయ్యి పట్టుకుని వదలదు. ఆమె ఏడవకూడదని తమాషా మొహాలు పెడుతూ, ఒక్కో వేలే విడదీస్తాడు. తర్వాత ఇంట్లో దాన్ని ఎన్నిసార్లు చూశామో! స్వర్ణ గొంతు నేను విన్నది, ఆ కూలీని చూసి ఆమె నవ్వే నవ్వులోనే. రైలు సీను రాగానే ఏడుస్తూ నా మణికట్టు పట్టుకునేది, గాజులు అచ్చుపడేలా. ఆ నవ్వు ఇంకొక్కసారి వినాలి. నా ఆశంతా అదే.

మా అమ్మాయి లక్ష్మీప్రియ ప్రొజెక్టర్ పెట్టి, గోడ మీద బొమ్మ పడేలా చేసింది. తలుపు దగ్గరగా వేసి బయట కూర్చున్నాం. పోయినవాళ్ళు వచ్చి తినేటప్పుడు తొంగి చూడకూడదని మా ఆనవాయితీ.

బయట ముసురు. ఊదొత్తుల వాసన. తలుపు సందులో వెలుగు మినుకుమినుకుమంటోంది...

లోపల నవ్వు.

"నాయనా... అమ్మే కదా?" అని గుసగుసగా అడిగింది.

"అమ్మేనమ్మా." నాకు ఏడుపు ఆగలేదు.

మళ్ళీ నవ్వు. మళ్ళీ... ఆ తర్వాత వెక్కిళ్ళు. రైలు సీను వచ్చినట్టుంది.

"ఒక్కతే ఏడుస్తా ఉండాది గదమ్మా..."

"తలుపు తీయొద్దు నాయనా!"

"సూడనులేమ్మా. చెయ్యి మాత్రం ఇస్తా."

మొహం తిప్పుకుని, సందులోంచి చెయ్యి లోపలికి పెట్టాను. చల్లటి వేళ్ళు మణికట్టు పట్టుకున్నాయి. గాజులు ఒత్తుకున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు... ఇంకో చెయ్యి పడింది. మోటు చెయ్యి. గాజుల్లేవు. ఆమె వేళ్ళను విడదీస్తోంది... ఒక్కొక్కటే... మెత్తగా...

"వదలొద్దు స్వర్ణా!" అని అరిచాను.

ఆమెకు వినపడదు కదా.

చిటికెనవేలు కూడా జారిపోయింది. వెలుగు ఆరిపోయింది.

తలుపు తోసి లైటు వేశాం. ఎవరూ లేరు. ఓళిగలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొత్త చీర మాత్రం లేదు. ఇస్తరాకు పక్కనుంచి, బరువైన పెట్టెను ఈడ్చినట్టు నేల మీద ఒక గీత... సినిమా పడిన గోడ దాకా వెళ్ళి ఆగిపోయింది.