సి-బిల్డింగ్ బేస్‌మెంట్‌లో పచ్చ కన్ను

న్యూజెర్సీ పార్సిప్పనీలో మా సి-బిల్డింగ్ బేస్‌మెంట్‌కి చెడ్డపేరుంది. వాషింగ్ మెషీన్లు అక్కడే, సామాన్లు దాచుకునే ఇనప జాలీ గదులూ అక్కడే. అయినా 2009 చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే ఎవరూ ఆ మెట్లు దిగేవారు కాదు. మాసిన బట్టలు కార్‌లో వేసుకుని బయట లాండ్రీకి డ్రైవ్ చేసేవారు... అందరూ మాస్టర్స్ చేసిన ఇంజనీర్లే!

దెయ్యాలున్నాయా లేవా అని డిబేట్ పెడితే నేను రెండు పక్కలా వాదించి గెలుస్తాను. ఇది మాత్రం వాదన కాదు. జ్ఞానప్రసూన అక్క చెప్పగా విన్నది.

అక్కకి పాత జర్మన్ రేడియోల పిచ్చి. యాభైల నాటివి. చెక్క పెట్టె, పియానో మెట్లలాంటి తెల్ల బటన్లు, గాజు మీద యూరప్ ఊళ్ల పేర్లు, స్టేషన్ దొరికితే వెలిగే పచ్చ కన్ను. ఆరేళ్లు శనివారాలన్నీ పెన్సిల్వేనియా రోడ్ల మీద తిరిగి పదకొండు పోగేసి, బేస్‌మెంట్‌లో తన జాలీ గదిలో దాచుకుంది. రూమ్మేట్ మనీషా కూడా వెళ్లేది. ఒకరు చెక్క తుడిస్తే ఒకరు వైర్లు అతికేవారు.

మొదటి రేడియో తెచ్చిన రోజు ఒక పొరపాటు జరిగింది. వెనక వోల్టేజీ మార్చే బిళ్లని ఇద్దరూ మన ఇళ్ల అలవాటుకొద్దీ 220 మీద పెట్టారు. అమెరికా కరెంటు అందులో దాదాపు సగమే! రేడియో అరగొంతుతో గొణిగింది. పచ్చ కన్ను కొనఊపిరితో మిణుకుమంది.

"అమ్మో, దయ్యమే!" అని మనీషా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ముచ్చట ఆ ఇద్దరికే తెలుసు.

ఆ ఏడాది ఆగస్టులో పాస్‌పోర్టు మీద స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్లిన అక్క వీసా ఆగిపోయింది. నాలుగు నెలలు! ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే అడిగేది — నా రేడియోలు జాగ్రత్తేనా?

"నా పానం లెక్క చూస్కుంటున్న. ఫికర్ చెయ్యకు" అనేది మనీషా.

డిసెంబర్లో వీసా హఠాత్తుగా వచ్చింది. అందరికీ సర్‌ప్రైజ్ ఇద్దామని అక్క ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కింది. ఐదున్నరకి బిల్డింగ్ ముందు దిగేసరికే చీకటి. పక్క ఫ్లాట్ శ్రీవల్లి ఎదురొచ్చింది.

"పైకెళ్లు ప్రసూనా, కిందకి మాత్రం వద్దు" గుసగుసగా అంది. "ఎవరో మగగొంతు... ముందు మనీషా విందట. తర్వాత మేమూ విన్నాం."

"నా రేడియోలు?"

"అక్కడే ఉంటాయిలే. దెయ్యం రేడియోలేం చేసుకుంటుందే!"

అక్క దిగింది. బల్బు వెలగలేదు. ఒక్కో మెట్టూ... గోడ తడుముకుంటూ...

గొణుగుడు — నిజంగానే! ఆగింది. మళ్లీ మొదలైంది. తన గదిలోంచే. జాలీ వెనక పచ్చగా ఒక కన్ను... మూసుకుంటోంది... తెరుచుకుంటోంది...

జాలీకి చెవి ఆనించి వింది. ఆ గొంతు చెబుతున్నది రూట్ 80 హైవే మీద ట్రాఫిక్ జామ్ గురించి!

అక్కకి పగలబడి నవ్వొచ్చింది. నవ్వుతూనే తాళం తీసి, చెయ్యి రేడియో వెనక్కి పోనిచ్చింది. వేలికి బిళ్ల తగిలింది.

220.

నవ్వు ఆగిపోయింది.

ప్లగ్‌కీ గోడకీ మధ్య ఒక టైమర్ ఉంది. క్రిస్మస్ దీపాలకి పెడతారే, అది. ఐదింటికి ఆన్. ఏ దెయ్యం టైమర్ పెట్టుకుంటుంది? పక్కన మిగతా రేడియోల మీద కప్పినట్టున్న దుప్పట్లు లాగింది — ఖాళీ అట్టపెట్టెలు. పది. జాలీలోంచి చూసినవాళ్లెవరైనా రేడియోలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయని అక్కకి ఫోన్ చేసేవారు. ఎవరూ చూడకూడదనే ఈ దెయ్యం కాపలా!

మెట్ల మీద అడుగులు.

"దిస్ వే ప్లీజ్... లాస్ట్ వన్, వెరీ గుడ్ కండిషన్" మనీషా గొంతు. వెనక ఎవరో కొనేవాడు.

అక్క కదల్లేదు. ఆ పచ్చ వెలుగులో ముఖం ఒక్కటే కనిపించి ఉంటుంది. మనీషా కెవ్వుమంది. కొనడానికొచ్చినవాడు వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

"నువ్వు... నువ్వు ఇంక రావనుకున్ననే!"

అక్క ప్లగ్ పీకింది. బిళ్ల 125కి తిప్పింది. టైమర్ పక్కన పారేసి ప్లగ్ గోడకే పెట్టింది. ఆ రేడియోలు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది...

తర్వాత రేడియో గొంతు బిల్డింగంతా మోగింది.

పైనుంచి శ్రీవల్లి కేకేసింది — "మనీషా! ఇవాళేంటే... అరుస్తున్నాడు?"