ఎజ్రా రాసిన డ్రైవర్

ఎజ్రాను చేవెళ్ల రోడ్డు మీద లారీతో గుద్ది చంపారు. చూసినవాళ్లు యాక్సిడెంట్ అనుకున్నారు.

దవాఖానలో స్నేహితుడి శవాన్ని గుర్తుపట్టి బయటికొచ్చిన ఏజెంట్ రంజిత్‌కు చీఫ్ కృష్ణారావు ఫోన్‌లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు. విండోస్ గేమ్స్ లినక్స్ కంప్యూటర్ల మీద నేరుగా నడిచేలా ఎజ్రా ఒక గ్రాఫిక్స్ డ్రైవర్ రాశాడు. అందరికీ ఉచితం. దాని కొత్త వెర్షన్‌లో ఒక విదేశీ ముఠా దొంగదారి పెట్టింది. అది కనిపెట్టినందుకే ఎజ్రా పోయాడు. కరెంటు కంట్రోల్ రూముల్లోని పెద్ద తెరలను నడిపేదీ అదే డ్రైవర్.

"డ్రైవరంటే సిస్టమ్ గుండెల్లో కూర్చునేది, రంజిత్. ఆ దొంగదారి ఒకసారి దూరిందంటే దేశం చీకటే. డ్రైవర్ అసలైనదేనని ముద్ర వేసే ఎజ్రా డిజిటల్ కీ వాళ్ల చేతికి చిక్కింది. ఈ సాయంత్రమే మొయినాబాద్ ఫామ్‌హౌస్ నుంచి ఆ వెర్షన్‌ను రిలీజ్ చేస్తున్నారు. బలగాలు చేరేసరికి ఆలస్యమైపోతుంది."

"ముఠాల మనం పెట్టిన ఏజెంట్ అనూహ్య లోపల్నే ఉన్నది కద సార్?"

"ఉంది. మన మనిషో, వాళ్ల మనిషో ఇప్పుడు తెలీడం లేదు."

బిర్యానీ వంటవాడి వేషంలో రంజిత్ ఫామ్‌హౌస్ గేటు దాటాడు. దాటగానే సిగ్నల్ జామర్ దెబ్బకు గుండీలోని కెమెరా, చెవిలోని ఇయర్‌పీస్ చచ్చాయి. ఇక వెనక ఎవరూ లేరు.

మేడమీద గదిలో నల్ల పట్టుచీరలో అనూహ్య ఒక్కతే ఉంది. ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ లాంటి ఆ కీ గుచ్చి ఉంది. తెరమీద అప్‌లోడ్ నీలిగీత ముప్పాతిక నిండింది. రంజిత్ కోడ్ వర్డ్ చెప్పాడు. జవాబుగా ఆమె చేతిలో పిస్టల్ లేచింది.

"పో రంజిత్. కీ ఇస్తే ఎజ్రాను ప్రాణంతోని దేశం దాటిస్తమన్నరు. నేనే తెచ్చిచ్చిన."

రంజిత్ చేతిలో ఆయుధం లేదు. గీత ఆగడం లేదు.

"ఎజ్రా ఏడికీ పోలే. పొద్దుగాల చేవెళ్ల దవాఖానల మొఖం మీది బట్ట తీసి చూసిన. లారీతోని గుద్దిచ్చిన్రు."

"అబద్ధం."

"అబద్ధమైతే మంచిగుండు."

ఆమె అతని కళ్లలోకి చూసింది. పిస్టల్ కిందికి దిగింది. అంతలో తలుపు తోసుకుని ముఠా నాయకుడు విక్టర్ వచ్చి కాల్చాడు. తూటా రంజిత్ భుజంలోంచి దూసుకుపోయింది. పడుతూనే అతను విక్టర్ కాళ్లను కావలించుకున్నాడు. తలవెంట్రుకంత మిగిలి ఉండగా అనూహ్య కీ పీకేసింది. నీలిగీత ఆగిపోయింది. ఆమె పేల్చిన గుండు విక్టర్ మోకాలిని పగలగొట్టింది.

బలగాలు చేరాక తనే బేడీలకు చేతులు చాచింది. ముందుగా ఎజ్రాను చూడనిమ్మని మాత్రం అడిగింది.

రిలీజ్ ఆగిపోయినందుకు ప్రపంచం నలుమూలల గేమర్లు ఎజ్రాను ఆన్‌లైన్‌లో బండబూతులు తిట్టారు. దవాఖాన బెంచీ మీద కట్టుకట్టిన భుజంతో కూర్చుని రంజిత్ ఆ తిట్లన్నీ ఓపిగ్గా చదివాడు. కరెంటుంది కాబట్టే కదా తిడుతున్నారు అనుకున్నాడు.